గోడ ఆరిందో లేదో చెయ్యి చెప్పదు

(ఈ నెల ప్రశ్నలన్నీ నీళ్లు, మంట, బూజు వల్ల పాడైన ఇళ్లను బాగుచేసే పని గురించి, కార్పెట్-సోఫా క్లీనింగ్ గురించి, వాటికి దొరికే ఆన్‌లైన్ శిక్షణ గురించి. జవాబులు చెబుతున్నది చాలాకాలం టెక్నీషియన్‌గా పనిచేసి, ఇప్పుడు వీడియో తరగతులు నడుపుతున్న శిక్షకురాలు.)

ప్రశ్న: మేడమ్, నేను సోఫాలు, కార్పెట్లు శుభ్రం చేసే పనిలో ఉన్నాను. నీళ్లు చేరిన ఇళ్లను ఆరబెట్టే పని కూడా నేర్చుకుందామని ఆన్‌లైన్ కోర్సులు చూస్తున్నాను. మా మామయ్య మాత్రం "ఒడ్డున కూర్చుని ఈత నేర్చుకుంటావా?" అని నవ్వుతున్నాడు. నిజంగా ఉపయోగం ఉంటుందా?
— ఒక క్లీనింగ్ టెక్నీషియన్

జవాబు: మీ మామయ్యగారి మాట సగం నిజం. తడిసి బరువెక్కిన కార్పెట్‌ని చిరగకుండా లేపడం, స్కర్టింగ్ పలకను విరగకుండా ఊడదీయడం, నీళ్లు లాగే వాండ్‌ని ఎంత నెమ్మదిగా జరపాలో తెలియడం, ఇవి వీడియో చూస్తే రావు. చేసి చేసి చేతికి అలవాటు కావాల్సిందే.

కానీ ఈ వృత్తిలో మనిషి దెబ్బతినేది ఎక్కువగా చేతిపనిలో కాదు, నిర్ణయాల్లో. కిటికీ తెరవాలా, మూయాలా? ఈ గదికి ఒక డీహ్యూమిడిఫయర్ (గాలిలోంచి తేమను లాగే మిషన్) సరిపోతుందా? ఇవాళ మిషన్లు ఎత్తేయొచ్చా? ఇవన్నీ లెక్క మీద తేలే సంగతులు. లెక్క మాత్రం ఆన్‌లైన్‌లో చాలా బాగా వస్తుంది. తరగతి గదిలో కంటే బాగా వస్తుందనే నా అభిప్రాయం. అర్థం కాని చోట వీడియో ఆపి, కాగితం తీసుకుని, మళ్లీ మళ్లీ వేసుకోవచ్చు కదా.

ఒక లెక్క మీతోనే వేయిస్తాను. తడిసిన గదిలో 25 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉన్నాయి. బయట 32 డిగ్రీలు, 50 శాతం తేమ. బయట శాతం తక్కువ కాబట్టి కిటికీలు తెరిస్తే ఇల్లు త్వరగా ఆరుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే తేమ శాతం అన్నది ఆ వేడి దగ్గర గాలి మోయగలిగే నీటిలో ఎంత వంతు ఉందో చెబుతుందే తప్ప అసలు నీరు ఎంతుందో చెప్పదు. వేడి పెరిగేకొద్దీ గాలి ఎక్కువ నీటిని మోస్తుంది. లెక్క వేస్తే గది గాలిలో కిలోకి సుమారు 12 గ్రాముల నీరు, బయటి గాలిలో సుమారు 15 గ్రాములు తేలతాయి. అంటే కిటికీ తెరిస్తే ఆరబెట్టాల్సిన ఇంట్లోకి మనమే నీళ్లు తెచ్చి పోసినట్టు. ఈ ఒక్క లెక్క రానివాళ్లు పదేళ్లు పనిచేసినా ప్రతి ఇంట్లో అలవాటు కొద్దీ ముందు కిటికీలే తెరుస్తారు.

ఇంకోటి. డీహ్యూమిడిఫయర్ నుంచి వేడిగాలి వస్తుంటే మిషన్ పాడైందని కొత్తవాళ్లు కంగారుపడతారు. వేడిగా రావడం దాని స్వభావం. చూడాల్సింది లోపలికి పోయే గాలికీ బయటికొచ్చే గాలికీ తేడా. పైన చెప్పిన గదిలో మిషన్ నుంచి వచ్చే గాలి 38 డిగ్రీలు, 20 శాతం తేమ ఉంటే, అందులో కిలోకి సుమారు 8 గ్రాముల నీరే ఉంది. 12 లోపలికి పోయి 8 బయటికి వస్తోందంటే మిషన్ చక్కగా పనిచేస్తోంది. ఈ తేడా రోజురోజుకూ తగ్గుతూ ఉంటే కారణం వెతకాలి. ఫిల్టరు మూసుకుపోయి ఉండొచ్చు, గది చల్లబడి ఉండొచ్చు, లేక మంచి కబురే కావచ్చు, గాలి నిజంగానే పొడిబారి ఉండొచ్చు. అమెరికన్ కోర్సుల్లో ఇదే లెక్క పౌండు గాలికి ఎన్ని గ్రెయిన్లు అని చెబుతారు. ఒక పౌండుకి 7000 గ్రెయిన్లు కాబట్టి, కిలోకి గ్రాములను 7తో గుణిస్తే వాళ్ల అంకె వచ్చేస్తుంది. 12 గ్రాములంటే వాళ్లకి 84. దీనికి టెన్షన్ పడక్కర్లేదు.

చేతి అలవాటు సంగతి అంటారా? కొంత ఇంట్లోనే చేసుకోవచ్చు. ఒక చెక్క ముక్క, కిచెన్ తూకం, వేడి, తేమ చూపించే చవకైన థర్మో హైగ్రోమీటరు చాలు. పొడి చెక్క తూచి రాసుకోండి. రాత్రంతా నీళ్లలో నానబెట్టి మళ్లీ తూచండి. తర్వాత మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో హైగ్రోమీటరుతో పాటు పెట్టి, పూటపూటా బరువు, వేడి, తేమ రాసుకోండి. డబ్బా గాలిలో తేమ పెరిగేకొద్దీ చెక్క బరువు తగ్గడం ఎలా నెమ్మదిస్తుందో మీ కళ్లతోనే చూస్తారు. మూత తీసి ఫ్యాను పెడితే ఏమవుతుందో కూడా చూడండి. ఫ్యాను చెక్కలోంచి నీటిని గాలిలోకి పంపుతుంది, అంతే. ఆ గాలిలోంచి నీటిని తీసేది ఇంకొకటి ఉండాలి. గది నిండా ఎయిర్ మూవర్లు (ఆరబెట్టే ఫ్యాన్లు) పెట్టి డీహ్యూమిడిఫయర్ మర్చిపోయినవాళ్లు తడిని కార్పెట్ నుంచి గోడకి, గోడ నుంచి పైకప్పుకి మార్చి వస్తారు. మీరు పుస్తకంలో రాసుకున్న ఆ అంకెలు తీసుకుని మీ మామయ్యగారి దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: ఒక చోట రెండు గంటల వీడియో చూస్తే జీవితకాల సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు. ఇంకో చోట మూడు రోజులు ఉదయం నుంచి సాయంత్రం దాకా లైవ్‌లో కూర్చోవాలంటున్నారు, పరీక్ష వేరేనట. ఏది మంచిది?
— ఉద్యోగం మారాలనుకుంటున్న ఒక పాఠకుడు

జవాబు: మూడు రోజులదే. ఈ రంగంలో ఎక్కువగా వినిపించే సర్టిఫికేషన్ సంస్థ పేరు ఐఐసీఆర్‌సీ. 1972లో అమెరికాలో మొదట కార్పెట్, సోఫా క్లీనింగ్ కోసం మొదలైంది, తర్వాత నీళ్లు, నిప్పు, బూజు పనులకు విస్తరించింది. అది స్వయంగా పాఠాలు చెప్పదు. అది ఆమోదించిన స్కూళ్లు, శిక్షకులు చెబుతారు, పరీక్ష మాత్రం దాని పేరున జరుగుతుంది. నీటి నష్టానికి మొదటి మెట్టు డబ్ల్యూఆర్‌టీ, అది మామూలుగా మూడు రోజుల కోర్సు. అది పాసయ్యాక స్ట్రక్చర్ (గోడలు, నేలలు) ఆరబెట్టడం మీద ఏఎస్‌డీ. నిప్పు, పొగకి ఎఫ్ఎస్ఆర్‌టీ, బూజుకి ఏఎంఆర్‌టీ, కార్పెట్‌కి సీసీటీ. కొవిడ్ తర్వాత వీటిలో చాలావాటికి లైవ్ స్ట్రీమ్ తరగతులు మామూలైపోయాయి.

జీవితకాల సర్టిఫికెట్ అన్న మాట వినగానే జాగ్రత్త పడండి. అసలైన సర్టిఫికేషన్‌ను ఏటా రెన్యూ చేసుకోవాలి, మధ్యలో కొత్త తరగతులకు హాజరైనట్టు చూపించాలి. కారణం ఉంది. నీటి నష్టం పనికి ఆధారమైన ఎస్500 ప్రమాణం 1994లో మొదటిసారి వచ్చింది, ఐదో కూర్పు 2021లో వచ్చింది. పని పద్ధతే మారుతుంటే కాగితం జీవితాంతం ఎలా చెల్లుతుంది?

చేరేముందు స్కూలుకి ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి. మధ్యలో ప్రశ్న వేస్తే శిక్షకుడు అప్పటికప్పుడు జవాబిస్తాడా? మీటర్లు, మిషన్లు కెమెరా ముందు నడిపి చూపిస్తారా? శిక్షకుడు సొంతంగా ఈ పని చేశాడా? మూడోదానికి తడబడితే ఇంకో స్కూలు చూసుకోండి. స్లయిడ్లు ఎంత అందంగా ఉన్నా సరే. ఏఎస్‌డీ మాత్రం, కుదిరితే, నిజంగా తడిపిన గదులున్న శిక్షణ కేంద్రానికి వెళ్లి చేయండి. తడి గోడ వాసన తెరమీద రాదు.

ప్రశ్న: థర్మల్ కెమెరా ముందు కొనాలా, మాయిశ్చర్ మీటరు ముందు కొనాలా?

జవాబు: మీటరు. కెమెరా తేమను చూడదు, వేడిలో తేడాను చూస్తుంది. తడిసిన చోట నీరు ఆవిరవుతూ చల్లబడుతుంది కాబట్టి ముదురు మచ్చగా కనిపిస్తుంది. ఏసీ గాలి తగిలే గోడ కూడా అలాగే కనిపిస్తుంది. కెమెరా అనుమానం చెబుతుంది, మీటరు నిర్ధారిస్తుంది.

మీటరు కొన్నాక దాని కాగితం చదవండి. సూదుల మీటరు చాలావరకు చెక్కకి సరిపడేలా తయారవుతుంది. అదే అంకెను సిమెంటు ప్లాస్టరు మీద "ఇంత శాతం" అని రిపోర్టులో రాస్తే తప్పు. అక్కడ అది పోల్చడానికే పనికొస్తుంది. గోడలో ఉప్పు పేరుకున్నా, వెనక లోహపు రేకు ఉన్నా పొడి గోడ కూడా తడి అంకె చూపిస్తుంది. అందుకే అదే భవనంలో తడవని గదిలో, అదే రకం గోడ మీద ముందు కొలిచి రాసుకోవాలి. ఆరబెట్టాల్సింది ఆ అంకె దగ్గరికి. చెయ్యి ఆనించి "ఆరిపోయిందండీ" అనేవాళ్లని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పైపొర ముందు ఆరుతుంది, లోపలి తడి నెమ్మదిగా పైకి వస్తుంది. చేతికి తెలిసేది పైపొరే.

ప్రశ్న: నేను హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌ని. స్నానాల గదుల గోడల మీద నల్లటి బూజు వస్తే మా స్టాఫ్ బ్లీచ్ కొట్టి తుడుస్తారు. పదిహేను రోజుల్లో మళ్లీ వస్తుంది. వాళ్లకి ఆన్‌లైన్‌లో ఏం నేర్పించాలి? అందరికీ ఏఎంఆర్‌టీ చేయించాలా?

జవాబు: అందరికీ అక్కర్లేదమ్మా. అది బూజు తొలగింపే వృత్తిగా పెట్టుకున్నవాళ్లకి. మీ స్టాఫ్‌కి రెండు పాఠాలు చాలు: తడి ఎక్కడి నుంచి వస్తోందో వెతకడం, ఏ మందుని దేనితో కలపకూడదో తెలుసుకోవడం.

బూజుకి నీళ్లే ప్రాణం. పైపు కారుతోందా, ఎగ్జాస్ట్ ఫ్యాను పనిచేస్తోందా, టైళ్ల మధ్య సందులు విడిపోయాయా అని చూడకుండా బ్లీచ్ కొడితే రంగు పోతుంది, తడి అలాగే ఉంటుంది. పదిహేను రోజులకి మళ్లీ పలకరిస్తుంది. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ కూడా బూజు శుభ్రతకి బ్లీచ్‌ను మామూలు పద్ధతిగా సిఫార్సు చేయదు. చచ్చిన బూజు కూడా కొందరికి అలర్జీ తెస్తుంది కాబట్టి చంపడం కాదు, అక్కడి నుంచి తీసేయడం ముఖ్యం. టైలు వంటి గట్టి ఉపరితలమైతే డిటర్జెంటు నీళ్లతో రుద్ది పూర్తిగా ఆరబెట్టాలి. జిప్సం బోర్డు లోపలికి దిగితే తుడిచి లాభం లేదు, ఆ ముక్క కోసి తీసేయాల్సిందే. సుమారు ఒక చదరపు మీటరు దాటితే, లేదా ఏసీ గొట్టాల్లో ఉందని అనుమానం వస్తే మీ స్టాఫ్ చేత చేయించకండి. గదిని ప్లాస్టిక్‌తో మూసి, హెపా ఫిల్టరు (సన్నటి ధూళిని కూడా పట్టేది) ఉన్న మిషన్‌తో గాలిని బయటికి లాగుతూ చేసే పని అది. ఉత్తినే గీకితే బీజాలు పక్క గదులకీ పోతాయి. తడిసిన వస్తువును 24 నుంచి 48 గంటల్లో ఆరబెట్టగలిగితే చాలా సందర్భాల్లో బూజు రాదు. కాబట్టి "నీళ్లు కారుతున్నాయి" అని చెప్పిన స్టాఫ్‌ని విసుక్కోకండి. ఆ మాట ఎంత త్వరగా మీ చెవిన పడితే అంత పని తగ్గుతుంది.

ఇక కలపడం. బ్లీచ్‌లో అమ్మోనియా ఉన్న క్లీనరు కలిస్తే క్లోరమైన్ వాయువులు వస్తాయి. టాయిలెట్ యాసిడ్ కలిస్తే క్లోరిన్ వస్తుంది. కిటికీ లేని స్నానాల గదిలో ఇది ప్రాణాల మీదికి తెస్తుంది. ఒకదానితో పోలేదని దాని మీదే ఇంకోటి పోసే అలవాటు మీ స్టాఫ్‌లో ఎవరికైనా ఉందేమో ముందు కనుక్కోండి. ప్రతి మందుకీ తయారీదారు ఇచ్చే భద్రతా పత్రం ఉంటుంది, ఎస్‌డీఎస్ అంటారు. డ్యూటీ ఎక్కేముందు రోజుకొక పత్రం, పది నిమిషాలు, ఫోన్లోనే చదివించండి. నాకు తెలిసి ఇంతకంటే ఫలితమిచ్చే ఆన్‌లైన్ శిక్షణ లేదు. దానికి ఫీజు కూడా లేదు.

ప్రశ్న: ఉన్ని కార్పెట్ మీద మరక పోవడానికి గట్టి మందు వాడితే రంగు దిగిపోయింది. మందులో లోపమా?

జవాబు: మందు మంచిదే అయివుంటుంది, ఉన్నికి కాదు. జర్మనీలో హెర్బర్ట్ సినర్ 1959లో చెప్పిన నాలుగు అంశాల సూత్రం ఈ రంగంలో అందరికీ మొదటి పాఠం: మందు, వేడి, రుద్దడం, సమయం. ఒకటి తగ్గిస్తే మిగతావాటిలో దేన్నైనా పెంచుకోవచ్చు. మన టెక్నీషియన్లకు తొందరెక్కువ, అందుకని సమయం తగ్గించి మందు పెంచుతారు. ఉన్ని జంతువు వెంట్రుక, క్షారం ఎక్కువైతే పాడవుతుంది. పీహెచ్ 8 ఉన్న మందుకీ 10 ఉన్నదానికీ తేడా రెండే కదా అనుకోవద్దు, క్షారగుణంలో అది వంద రెట్లు. కార్పెట్ వెనక ఎవరికీ కనిపించని చోట నుంచి ఒక పోగు తీసి, కార్పెట్‌కి దూరంగా వెలిగించి చూస్తే కాలిన వెంట్రుకల వాసన వస్తుంది, అది ఉన్ని. ప్లాస్టిక్‌లా కరిగి పూస కడితే సింథటిక్. అలాగే మందు వేసే ముందు మూల మీద తెల్లగుడ్డతో పరీక్షించండి, గుడ్డకి రంగు అంటితే ఆగిపోండి.

ప్రశ్న: వంటగదిలో చిన్న మంట లేచింది, ఆర్పేశారు. గోడల మీద మసిని మా కుర్రాళ్లు తడిగుడ్డతో తుడిస్తే గోడంతా నల్లటి చారలు పడ్డాయి. ఏ పాఠం చూపించాలి?

జవాబు: "ముందు పొడిగా" అన్న పాఠం. మసి మీద మొదటే నీళ్లు తగిలితే అది పెయింటులోకి ఇంకుతుంది. హెపా ఫిల్టరున్న వ్యాక్యూమ్ బ్రష్‌ను గోడకి ఆనీ ఆనకుండా నడపాలి. తర్వాత డ్రై కెమికల్ స్పాంజ్, రబ్బరుతో చేసినది, ఒకే దిశలో లాగుతూ, మురికైన ముఖాన్ని మారుస్తూ వాడాలి. ఆ స్పాంజ్‌ని తడపకూడదు, కొత్తవాళ్లు అలవాటుగా కుళాయి కింద పెట్టేస్తారు. తడి క్లీనింగ్ ఆ తర్వాతే.

ఏది కాలిందో అడిగి తెలుసుకోండి. మాంసం, గుడ్లు మాడిన పొగ గోడ మీద దాదాపు కనిపించదు, వాసన మాత్రం వదలదు, అన్ని ఉపరితలాలూ తుడవాలి. ప్లాస్టిక్ వైర్లు, పీవీసీ కాలితే పొగలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది, కుళాయిలు, ఎలక్ట్రానిక్స్ లోహాలు తుప్పు పడతాయి, కాబట్టి గోడలకంటే ముందు వాటి సంగతి చూడాలి. వాసనకి ఓజోన్ మిషన్ పెడతామంటే మనుషులు, పెంపుడు జంతువులు, మొక్కలు అన్నీ బయట ఉండాలి. మసి తీయకుండా ఓజోన్ పెట్టడం డబ్బు దండగ.

ప్రశ్న: డబ్ల్యూఆర్‌టీ ఆన్‌లైన్‌లో పాసయ్యాను. మురుగునీరు ఇంట్లోకి తన్నిన పని ఒకటి వచ్చింది. ఒప్పుకోవచ్చా?
— కొత్తగా సర్టిఫికెట్ అందుకున్న టెక్నీషియన్

జవాబు: అభినందనలు. ఒప్పుకోకండి, ఒక్కరే అయితే.

పాఠంలో చదివే ఉంటారు: పగిలిన కుళాయి పైపు నీరు కేటగిరీ 1, వాషింగ్ మిషన్ వదిలిన నీరు కేటగిరీ 2, మురుగు, వరదనీరు కేటగిరీ 3. శుభ్రమైన నీరు కూడా నిలవుంటే పై కేటగిరీకి మారుతుంది. మీకు వచ్చిన పని మూడోది. అందులో తడిసిన కార్పెట్, దాని కింది ప్యాడ్, పరుపులు, జిప్సం బోర్డు కడిగి దాచుకునేవి కావు, పారేసేవి. ఆ మాట ఇంటివాళ్లతో చెప్పి ఒప్పించడం మొదటి పరీక్ష. కరెంటు ఆపించకుండా ఆ నీళ్లలో కాలు పెట్టకూడదు. శుభ్రమైన, మురికి భాగాల మధ్య ప్లాస్టిక్ తెర కట్టాలి, బట్టలు మార్చుకునే చోటు వేరుగా ఉండాలి. ముందు మురికి తీసి కడిగాకే క్రిమిసంహారకం వేయాలి, మురికి మీద వేస్తే అది పనిచేయదు. అదీ లేబుల్ మీద రాసినంతసేపు ఉపరితలం తడిగా ఉండాలి. ఆరబెట్టే ఫ్యాన్లు ఇవన్నీ అయ్యాకే. ముందే పెడితే మురుగు తుంపరలు గాలిలో కలుస్తాయి. ఇంటి వయసు కూడా కనుక్కోండి. పాత ఇళ్లలో ఆస్‌బెస్టాస్, సీసం కలిసిన పెయింటు ఉండే అవకాశం ఉంది, పరీక్ష చేయించకుండా కోయకూడదు.

ఈ పని అనుభవం ఉన్న కంపెనీకి అప్పగించి, సహాయకుడిగా వస్తానని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు, ఇలాంటి పనికి చేతులెప్పుడూ తక్కువే. అప్పటిదాకా కేటగిరీ 1 పనులు చేయండి. డాక్టరు దగ్గరికి వెళ్లి టెటనస్, హెపటైటిస్ టీకాల సంగతి మాట్లాడండి. మీ ముఖానికి సరిపోయే రెస్పిరేటర్‌కి ఫిట్ టెస్ట్ చేయించుకోండి, గడ్డం ఉంటే అంచు దగ్గర గాలి కారుతుంది, తీయించాలి. సహాయకుడిగా వెళ్లిన రోజు నోట్‌బుక్ తీసుకెళ్లి, సీనియరు ఏ గదిలో ముందు ఏం ముట్టుకున్నాడో, ఏం ముట్టుకోకుండా వదిలేశాడో వరసగా రాసుకోండి. అర్థం కానివి నాకు రాయండి, వచ్చే నెల చూద్దాం.